ఆగిందనుకున్న రంపం

మా ఇంటి వసారా,
వానలు పట్టిన వారం

చిరంజీవి తమ్ముడికి ఆశీర్వచనాలు.

మనిషి తన చేతికి ఒక పనిముట్టును ఎన్నుకునే వేళ సామాన్యమైనది కాదు. వయసులో ఉన్నప్పుడు పనిముట్టు అన్నం పెడుతుంది. పని చాలించిన వయసులో పక్కన తోడు కూర్చుంటుంది. మొదటిదాన్ని అవసరం ఎన్నుకుంటుంది. రెండవదాన్ని మనసు ఎన్నుకుంటుంది. అందుకే రెండవ ఎన్నికలో పొరపాటు జరిగితే ఎక్కువ నొప్పి. జీవితమంతా ఇతరుల నేలలకు పటాలు గీసి, ఆఫీసు బల్లకు దండం పెట్టి వచ్చిన నీవు ఇక చెక్కపని చేస్తానని, అందుకు పాతకాలపు మిషను ఒకటి చూసిపెట్టమని నన్ను అడిగావు. ఆ బాధ్యతను గౌరవంగా తలకెత్తుకున్నాను. పద్యాలు చెప్పుకునే పంతులుకు ఇనుము సంగతి ఏం తెలుసని ఇతరులు నవ్వవచ్చు గాని నీవు నవ్వలేవు. మామగారి వడ్రంగి దుకాణంలో ఇద్దరల్లుళ్ళమూ కలిసి చెక్కపొట్టు ఊడ్చినవాళ్ళమే.

ఫోనులో చెప్పిన మాట చెవి దాటగానే చెదిరిపోతుంది. అందుకని రాస్తున్నాను.

ఈ ఊళ్ళో అమ్మకానికి రెండున్నాయి. రెండూ ఒకే జాతి: ఒకే మోటారుతో కొయ్యడం, చిత్రిక పట్టడం, మందం సరిచేయడం, బెజ్జం తొలవడం అన్నీ చేసేవి. జాతి ఒకటే గాని గుణాలు ఉత్తర దక్షిణాలు.

మొదటిది మూతబడిన కుర్చీల దుకాణంలో ఉంది. కుర్చీల ఆయన పోయాడు. ఆయన భార్య అమ్ముతోంది. అంతా పోత ఇనుము. చూడగానే దానికి గజరాజు అని పేరు పెట్టేశాను. మోటారు కడుపులో ఉంటుంది. ఒక వైపు రంపం, ఒక వైపు చిత్రిక, ఒక వైపు బెజ్జం తొలిచేది, మిగిలిన వైపు మందం సరిచేసేది. దేని చోటు దానిదే. పని మారితే యంత్రం మారదు, మనిషే ప్రదక్షిణం చేయాలి. అయితే చుట్టూ తిరగడానికి చోటు కావాలి. నీ వెనకగదిలో గోడ పగలగొడితే తప్ప పట్టదు.

రెండవది బోర్డులు రాసే మేస్త్రీ ఇంట్లో ఉంది. దీని పేరు మడతమంచం. తేలిక. గోడకు ఆనించి పెట్టుకోవచ్చు. అన్ని పనులూ ఒకే బల్ల మీద. కొయ్యాలంటే ఒక పలక దించాలి. మందం తీయాలంటే పైపలకలు రెండూ ఎత్తి మడవాలి, చెక్కను తిన్నగా నడిపే గైడు పీకి పక్కన పెట్టాలి, బ్లేడు మీది రక్షణ రేకు తీయాలి, మళ్ళీ మరిచిపోకుండా బిగించాలి. పని కన్నా పనికి ముందు పని ఎక్కువ.

ఫొటోలు కావాలంటే పక్కింటివాళ్ళ చేత తీయించి పంపుతాను. ఏది నచ్చిందో రాయి.

అన్నయ్య

*

వెనకగది,
వాన వెలిసిన సాయంత్రం

అన్నగారికి నమస్కారాలు.

ఫొటోలు వద్దు. మీ వర్ణన ఉండగా ఫొటో ఎందుకు? పోత ఇనుముకు కూడా నఖశిఖపర్యంతం వర్ణన చేయగలిగినవారు మా చుట్టాల్లో మీరొక్కరే.

కొన్ని సంగతులు మాత్రం వివరంగా రాయండి. గైడును జరిపినప్పుడు అది గాట్లలో పడి చేతికి తెలుస్తుందా, లేక గీతలు చూసి సరిపెట్టుకోవాలా? స్విచ్ ఎక్కడుంది? నిలబడ్డ చోటినుంచి చెయ్యి చాస్తే తగులుతుందా, వెతుక్కోవాలా? గజరాజు నాలుగు వైపులా మీటలు ఒకే ఎత్తులో ఉన్నాయా? ఒక మీటకూ ఇంకో మీటకూ పట్టుకుంటే తేడా తెలుస్తుందా? రంగు, తుప్పు లాంటివి రాయనక్కర్లేదు.

ఆఫీసు వదిలాక మనిషి ఇంట్లో కుదురుగా కూర్చుంటాడనుకుంటే ఇంట్లోకి ఏనుగును తోలుకొస్తానంటున్నాడని మీ మరదలు వదినతో చెప్పమంది. ఏనుగు పేరు పెట్టింది మీరేనని చెప్పి తప్పించుకున్నాను.

తమ్ముడు

*

మా ఇంటి వసారా,
ఎండ తిరిగిన రోజు

చిరంజీవి తమ్ముడికి,

నీ ప్రశ్నలు చదివి వినిపిస్తే మీ వదిన, “పెళ్ళికూతుర్ని చూడనంటాడు, గాజుల కొలత మాత్రం అడుగుతాడు, ఇదేం మనిషండీ” అంది. నాకూ వింతగానే తోచింది. అయినా వెళ్ళి మళ్ళీ తడిమి చూసి వచ్చాను.

గజరాజు గైడు గాట్లలో టక్కున పడుతుంది. అర్థరహితమైన ధ్వని కాదు, చేతికి తెలిసే పలుకు. మీటలు దేనికదే వేరు. ఒకదాని తల గుండ్రం, ఒకదానిది నలుచదరం, ఒకటి వంకీ. స్విచ్ రంపం వైపు తొడ ఎత్తులో ఉంది. మడతమంచానికి గాట్లు లేవు; నున్నగా జారుతుంది. పక్కనున్న బద్ద మీద సన్నగీతలు చూసి బిగించుకోవాలి.

చూసిపెట్టమని అడిగావు గనక మొహమాటం లేకుండా చెబుతున్నాను: మడతమంచమే తీసుకో. గజరాజు కోసం గోడ పడగొట్టడం ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకోవడం లాంటిది. మార్పులు ఎన్ని ఉంటేనేం? ప్రతి మార్పుకూ ఒకసారి కంటితో సరిచూసుకుంటే సరి. వెంట్రుకవాసి గీతలతో బతికినవాడివి, ఈ బద్ద మీది గీతలు నీకొక లెక్కా?

ఇంకొక మాట. నీ ఉత్తరంలో చివరి వరుస కాగితం అంచు దాటిపోయి, మాట సగంలో తెగింది. బస్సులో కూర్చుని రాశావా ఏమిటి?

అన్నయ్య

*

వెనకగది

అన్నగారికి,

గజరాజే కావాలి. గోడ సంగతి నేను చూసుకుంటాను, తాపీమేస్త్రీతో మాట్లాడాను. చలికాలానికి ముందే తెచ్చి నిలబెట్టాలి. కుర్చీల ఆయన భార్యకు మాట ఇచ్చేయండి.

దయచేసి ఇంక పోలికలు వద్దు.

తమ్ముడు

*

మా ఇంటి వసారా,
తెల్లవారి వెలుగులో

తమ్ముడికి,

మొదట నొచ్చుకున్నాను. నెల రోజులు రెండిళ్ళ చుట్టూ తిరిగినవాడి సలహాకు నాలుగు వరుసల జవాబా అని. ఆ నాలుగు వరుసలనే మళ్ళీ మళ్ళీ చదివాను. చదవడమంటే అర్థం కోసం కాదు, ఆకారం కోసం.

పొగను చూసి నిప్పును ఊహించడం తర్కశాస్త్రంలో మొదటి పాఠం. నీ ఉత్తరాలలో నాకు పొగ కనిపిస్తోంది. నీ రెండవ వరుస మూడవ వరుస మీద ఎక్కింది. పటాల మీద చీమ కాలంత అక్షరాలు రాసిన చెయ్యి ఇప్పుడు బొటనవేలంత అక్షరాలు రాస్తోంది. రంగు వద్దన్నావు, ఫొటో వద్దన్నావు. మీట తల గుండ్రమా నలుచదరమా అని అడిగావు. బస్సులో రాశావా అంటే జవాబు లేదు. కంటితో సరిచూసుకో అని నేను రాసిన దగ్గరే నీకు కోపం వచ్చింది.

నా ఊహ తప్పైతే ముసలివాడి చాదస్తమని నవ్వి వదిలెయ్యి. తప్పు కాకపోతే నాకు చెప్పు. తోడల్లుడికి చెప్పుకోలేని కష్టం ఉండదంటారు. అతనూ అదే ఇంటి గడప దగ్గర తలవంచినవాడు గనక.

అన్నయ్య

*

వెనకగది,
మీ మరదలు బజారుకు వెళ్ళిన వేళ

అన్నగారికి నమస్కారాలు.

మీ ఊహ తప్పు కాదు.

చూపు అంచుల నుంచి పోతోంది. రెండువైపులా గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు ఉంటుంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కనున్నది లేదు. మసక కాదు, లేదు. మొన్న మీ మరదలు పక్కనే కూర్చుని మాట్లాడుతుంటే ఆవిడ గొంతు ఒక ఖాళీలోంచి వచ్చింది. పోయింది తిరిగిరాదన్నాడు డాక్టరు. మిగిలింది ఎంతకాలమని అడిగితే కాగితం మీద మందుల పేర్లు రాయడం మొదలుపెట్టాడు.

ఆఫీసులో చివరి పటం గీసినప్పుడే తెలిసింది నాకు. ఒక ఊరి పక్కన ఉన్న వాగు మొత్తం వదిలేశాను. పక్క బల్ల అతను పట్టుకున్నాడు, నవ్వాడు. నేనూ నవ్వాను. తరవాత వారం గడువుకు ముందే పని చాలిస్తున్నానని రాసిచ్చాను.

నా ఆలోచన ఇది. మీరు పిల్లల చేత అర్థం తెలియకముందే పద్యం కంఠస్థం చేయించేవారు. అర్థం వచ్చే వయసుకు పద్యం నోట్లో సిద్ధంగా ఉండేది. అలాగే చీకటి పడకముందే ఆ యంత్రాన్ని చేతులకు కంఠస్థం చేయించాలి. మడతమంచం నాకు పనికిరాదు. ఇవాళ చెయ్యి నేర్చుకున్నది రేపు పలక మడిచేసరికి అబద్ధమవుతుంది. గజరాజు అలా కాదు. రంపం ఎప్పుడూ రంపం చోటనే ఉంటుంది. గుడ్డివాడికి కావలసింది మంచి యంత్రం కాదన్నగారూ, మాట మార్చని యంత్రం.

మీ మరదలికి చెప్పలేదు. మీరూ చెప్పకండి. ఆవిడ మొహంలో జాలి కనబడేంత చూపు నాకింకా ఉంది. అది పోయాక చెబుతాను.

తమ్ముడు

*

మా ఇంటి వసారా,
చలి మొదలైన వారం

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం అందిన తరవాత చాలా రోజులు కలం పట్టలేదు. మీ వదినకు కూడా చెప్పలేదు. అక్కకు తెలిసి చెల్లెలికి తెలియకుండా ఉండడమన్నది సృష్టిలో లేదు. కానీ ఊరికే కూర్చోలేదు.

కుర్చీల దుకాణానికి వెళ్ళాను. కండువాతో కళ్ళు గట్టిగా కట్టుకుని, మోటారు ఆపి ఉంచి, గజరాజు చుట్టూ చేతులతో నడిచాను. మొదటిరోజు మోకాళ్ళు ఇనుముకు కొట్టుకున్నాయి. ఆ తరవాత నీవన్నది నిజమనిపించింది. గుండ్రటి మీట తగిలితే చిత్రిక, వంకీ తగిలితే బెజ్జం. కొన్నాళ్ళకు ఆ ఇనుము నాతో మాట్లాడుతున్నట్టే ఉంది. కుర్చీల ఆయన భార్య గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, “పంతులుగారూ, మీరు కొనడానికొస్తున్నారా, దాగుడుమూతలాడుకోవడానికొస్తున్నారా?” అని అడిగింది. ఎవరికోసమో చెప్పకుండా విషయం మాత్రం చెప్పాను. ఆవిడ గుమ్మం దిగి లోపలికి వచ్చింది. అయితే మోటారు వేసి చూడండి అంది.

వేసింది. రంపం పాడింది. కళ్ళు కట్టుకుని నిలబడి, స్విచ్ ఆపమన్నాను. మోటారు చప్పుడు తగ్గి, మూలిగి, పోయింది. గదిలో నిశ్శబ్దం. రంపం ఆగిందని రూఢి చేసుకుని, చెయ్యి పెట్టే ధైర్యం లేక, పొడుగాటి సన్నబద్ద ఒకటి ముందుకు చాపాను.

బద్ద నా చేతిలో పొట్టిదైంది.

లాగినట్టు కూడా తెలియలేదు. గంతలు విప్పి చూస్తే రంపం ఇంకా తిరుగుతోంది, నీడలా, చప్పుడు లేకుండా. పోత ఇనుము బరువు దాన్ని అంత తొందరగా ఆగనివ్వదు. చూపున్నవాడికి పళ్ళు కలిసిపోయి ఒక వెండి వలయంలా కనబడతాయి, వాడు ఆగుతాడు. “మా ఆయన ఎప్పుడూ చెవిని నమ్మేవాడు కాదు, దాని వంకే చూస్తూ నిలబడేవాడు” అంది ఆవిడ. మళ్ళీ చేశాను. ఆగిందని నేననుకున్న ప్రతిసారీ అది తిరుగుతూనే ఉంది.

తమ్ముడూ, యంత్రం అమ్ముడుపోయిందని ఒక్క ముక్క రాస్తే ఈ కథ సుఖంగా ముగిసేది. కలం ఆ మాట దాకా వెళ్ళింది కూడా. నీ చూపు నిన్ను మోసం చేస్తున్నప్పుడు నేను కూడా ఆ పని చేయలేను. గజరాజు ఉంది, అమ్మకానికే ఉంది. కానీ నా చేతులతో నీకు కొనిపెట్టను. మాట మార్చని యంత్రమన్నావు. అది మాట మార్చదు, ఆగానని మాత్రం చెప్పదు.

చెక్కను వదిలెయ్యమనడం లేదు. చేతి రంపం, చేతి చిత్రిక, ఉలి. చెయ్యి ఆగితే ఇవీ ఆగుతాయి. మామగారు పెన్సిలుతో కాక కత్తిమొనతో ఎందుకు గీసేవారో గుర్తుందా? పెన్సిలు గీత కంటికి, కత్తి గీత గోటికి.

మరదలికి చెప్పు. ఇది సలహా కాదు, ప్రార్థన.

అన్నయ్య

*

వెనకగది

అన్నగారికి,

కండువా కట్టుకుని మీరు నాలుగు రోజులు గుడ్డివారయ్యారు. విప్పితే వెలుతురు. దాన్ని అనుభవమని మీరనుకుంటున్నారు.

కళ్ళు నావి, పోతున్నవి నావి. వేళ్ళు కూడా నావే. వాటి మీద ధర్మకర్తగా మిమ్మల్ని ఎవరు నియమించారు? ఉలితో గోకుతూ కూర్చోమంటున్నారు. ఉలితో గోకి గోకి ఒక తలుపు చేసేసరికి నాకు తలుపు ఎటుందో కనబడదు. తొందరగా పని చేసే యంత్రం అడిగింది తొందర ఉండబట్టే.

మీరు కొనిపెట్టకపోతే ఇంకొకరు కొనిపెడతారు.

(సంతకం కాగితం చివర కాక, పై వరుసల మీదనే పడింది.)

*

మా ఇంటి వసారా,
చలి ముదిరిన రోజులు

తమ్ముడికి,

నీవన్న ప్రతి మాటా న్యాయమే. కండువా విప్పగలిగినవాణ్ణి నేను. అయినా నా మాట మారదు. తిట్టడానికైనా ఉత్తరం రాయి, రాయకుండా ఉండకు.

అన్నయ్య

*

వంటింటి బల్ల దగ్గర,
చలి విరిగిన వారం

బావగారికి నమస్కారాలు.

అక్షరాలు చూసే మీకు తెలిసి ఉంటుంది, ఇవి నావి, మీ మరదలివి. మాటలు ఆయనవి. చెప్పినవి చెప్పినట్టు రాయమన్నాడు. రాస్తున్నాను.

అన్నగారూ, మీ మీద కోపంతో ఇక్కడి కోత మిల్లుకు వెళ్ళాను. మీ మాట అబద్ధమని తేల్చడానికి వెళ్ళాను. అక్కడున్న పెద్ద రంపం ఎదురుగా కళ్ళు మూసుకుని నిలబడి, ఆపమన్నాను. చప్పుడు పోయింది. ఆగింది అన్నాను. కోత మేస్త్రీ, “లేదండీ” అన్నాడు. మళ్ళీ చెవి పెట్టి, ఇప్పుడు ఆగింది అన్నాను. “ఇంకా లేదండీ” అన్నాడు. మూడోసారి ఆయన మాట్లాడకుండా నా భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. నాకు తెలియకుండానే దాని మీదికి వంగానట.

బయటికి వచ్చి చెక్కదుంగల మీద కూర్చున్నాను. ఇంటికి వెళ్ళి మీకు రాయాలని కాగితం తీశాను. రాసింది నేనే చదవలేకపోయాను. అప్పుడు దీన్ని, మీ మరదల్ని, పిలిచాను.

(బావగారూ, ఇక్కడ ఆయన ఆగాడు. ఇక ఇది నా మాట. పిలిచి, “కూర్చో, ఒకటి చెప్పాలి” అన్నాడు. నాకు తెలుసు అన్నాను. మంచినీళ్ళ గ్లాసు పక్కన పెడితే చెయ్యి గాలిలో వెతుకుతుంటే తెలియకుండా ఎలా ఉంటుంది? అప్పటినుంచి ఎదురుగా పెడుతున్నాను. కుర్చీలు జరపడం మానేశాను. చెప్పులు ఒకే మూల విడుస్తున్నాను. ఆయన దాస్తున్నాడు కదా అని దాచుకోనిచ్చాను. మొగవాడి పౌరుషం గాజుగిన్నె లాంటిది, పగిలితే తుడవాల్సింది మనమే. కానీ ఆ యంత్రం మాట ఎత్తినప్పుడల్లా వద్దనాలనిపించేది. వద్దంటే నాకు తెలుసని తెలిసిపోతుంది. అందుకే ఏనుగని, గుర్రమని వేళాకోళం చేస్తూ కూర్చున్నాను. మీరు వద్దన్నారని ఆయన విసుక్కుంటుంటే విన్నాక ఆ పూట రెండు ముద్దలు తినగలిగాను.)

ఏం రాస్తున్నావు అంత సేపు, నేను చెప్పింది రెండు ముక్కలే కదా అంటున్నాడు. మళ్ళీ ఆయన మాటలు:

యంత్రం వద్దు. గోడ పడగొట్టడం మానిపించాను. మామగారి పనిముట్లు మీ అటకమీద ఉన్నవి పంపండి. ఇక్కడ దొరికిన ఉలితో మొదటి పెట్టె చేశాను. కత్తిగీత మీ మరదలు గీసింది, గోరుతో నేను పట్టుకున్నాను. మూలలు కలవలేదు. మధ్యలోంచి వేలు దూరుతోంది. బాగుందని చెప్పకు అని దీనికి ముందే చెప్పాను. చెప్పలేదు. “ఉల్లిపాయలు పోసుకోవడానికి పనికొస్తుంది, గాలి ఆడుతుంది” అంది.

డాక్టరు మళ్ళీ చూశాడు. చూపు ఇంకా సన్నబడింది. ఇప్పుడు నాకు మిగిలింది కిటికీ కాదు, తలుపు సందు.

మీ మీద విసిరిన మాట ఒకటుంది. వెనక్కి తీసుకోను, అది నిజమే. మీరు కండువా విప్పుకున్నారు. కానీ కట్టుకున్న మనిషి ఇంకొకరు లేరు.

తమ్ముడు

(వీలైతే ఒకసారి రండి బావగారూ. ఎదురుగా వచ్చి కూర్చోండి. పక్కన కూర్చుంటే ఆయన మీకోసం వెతుక్కుంటాడు.)

*

మా ఇంటి వసారా,
ఎండలు ముదిరే ముందు

చిరంజీవి తమ్ముడికీ, మరదలికీ ఆశీర్వచనాలు.

పనిముట్లు మూటగట్టాను. నూనె పట్టించి, పదును పెట్టి, ప్రతి పిడి మీదా వేరువేరు గాటు పెట్టాను. వచ్చే వారం నేనూ మీ వదినా తీసుకొస్తున్నాం. నీ ఎదురుగానే కూర్చుంటాను. ఓదార్పు మాటలు మూటలో పెట్టలేదు. చదివిన గ్రంథాలన్నీ తిరగేశాను. చీకటికి అర్థం చెప్పినవి ఉన్నాయి గాని, అది వస్తుంటే పక్కన ఎలా కూర్చోవాలో చెప్పినది నాకు దొరకలేదు. మరదలు చేస్తున్నది చూసి నేర్చుకోవాలి.

పెట్టె మూలలు కలవలేదన్నావు. తరవాతి పెట్టెవీ కలవకపోవచ్చు. అది కూడా నీకు అబద్ధం చెప్పను.

గజరాజు నిన్న వెళ్ళిపోయింది. అన్నాచెల్లెళ్ళిద్దరు, చిన్నవాళ్ళు, బల్లలు కుర్చీలు చేసే దుకాణం పెట్టుకుంటారట, వాళ్ళు కొన్నారు. దొర్లించి బండికెక్కించడానికి మధ్యాహ్నమంతా పట్టింది. కుర్చీల ఆయన భార్య లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ పిల్లల్ని పక్కకు పిలిచి, రంపం సంగతి చెప్పాను. ముందు దానికొక బ్రేకు పెట్టించమన్నాను, అది పెట్టే దాకా చెవిని నమ్మవద్దన్నాను. చెల్లెలు శ్రద్ధగా విన్నది. అన్న, “ఈ సంగతి మీకెలా తెలుసండీ?” అని అడిగాడు. మా తమ్ముడు నేర్పాడని చెప్పాను. బండి కదులుతుంటే చెయ్యెత్తి వాళ్ళకు మనసులో చెప్పుకున్నది నీకూ వినిపించాలని ఇక్కడ రాస్తున్నాను:

ఆ యంత్రం ముందు ఇకమీదట నిలబడేవారందరి పదివేళ్ళూ పదిలంగా ఉండుగాక. వారి చూపు వారి పని కన్నా ఎక్కువకాలం మన్నుగాక. చూపు మన్నని వారికి, అడగకుండానే కుర్చీ కదపడం మానే మనిషి ఒకరు ఇంట్లో ఉందురుగాక.